తడిరోడ్డు, మంచురోడ్డు, మోటారు టైరు

మోటారుకారు నాలుగు టైర్లమీద నడుస్తుందని అందరికీ తెలుసు. కాని నడుస్తున్న కారు ఏ ఒక్క క్షణంలోనైనా నేలను ఎంతమేర తాకుతున్నదో ఆలోచించేవారు తక్కువ. లెక్క కష్టమైనదేమీ కాదు. కారు బరువు 1200 కిలోగ్రాములు అనుకొందాం. ఒక్కొక్క చక్రంమీద 300 కిలోగ్రాములు, అనగా సుమారు 3000 న్యూటన్ల బలం పడుతుంది. టైరులోని గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు 20 న్యూటన్ల పీడనంతో ఆ బలాన్ని మోస్తున్నది. 3000ను 20తో భాగిస్తే 150 వస్తుంది. 150 చదరపు సెంటీమీటర్లంటే వేళ్లతో సహా మన చేయి పరచినంత చోటు. ఇట్లాంటి నాలుగు చేతుల చోటుమీదనే కారు నిలవాలి, మలుపు తిరగాలి, అవసరమైనప్పుడు ఆగాలి. ఇంజను ఎంత బలమైనదైనా, బ్రేకులు ఎంత గట్టివైనా వాటి పని అంతా ఈ చోటులోనే తేలవలసి ఉన్నది.

పొడిరోడ్డుమీద ఈ కొద్ది చోటు చాలు. చిక్కంతా రబ్బరుకూ రోడ్డుకూ మధ్య మరొక పదార్థం చేరినప్పుడే వస్తుంది. గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతున్న కారుకు చక్రాలు పట్టేటట్లు బ్రేకు వేశామనుకోండి. ఆగటానికి పట్టే దూరం వేగపు వర్గాన్ని ఘర్షణ గుణకానికీ గురుత్వ త్వరణానికీ గల లబ్ధానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకొంటే మన కారుకు ఈ దూరం 20ని ఘర్షణ గుణకంతో భాగించినంత. పొడిరోడ్డుమీద గుణకం సుమారు 0.8, కారు 25 మీటర్లలో ఆగుతుంది. తడిరోడ్డుమీద 0.5 ఉంటే 40 మీటర్లు కావాలి. అణగిన మంచుమీద గుణకం 0.25కు పడిపోతే 80 మీటర్లు, తడిసిన మంచుగడ్డమీద 0.1 అయితే 200 మీటర్లు. ఇవి స్థూలమైన సంఖ్యలే. అయినా 25కూ 200కూ ఉన్న తేడా ఎంతటిదో ఊహించవచ్చు. రోడ్డు దాటుతున్న మనిషి ఆ తేడాలో ఎక్కడో ఒకచోట ఉంటాడు.

ఈ తేడాను తగ్గించటానికి నూరేళ్లకు పైగా సాగిన ప్రయత్నాల చరిత్రే ఈ వ్యాసం. ముందుగా ఒక మాట. తెలుగులో మంచు అనే ఒక్క మాటనే పలు అర్థాలలో వాడుతాం. ఇక్కడ ఆకాశంనుంచి దూదిపింజలవలె రాలేదాన్ని హిమమనీ, రోడ్డుమీది నీరు గడ్డకట్టగా ఏర్పడిన గట్టిపొరను మంచుగడ్డ అనీ అందాం. టైరుకు ఈ రెండూ వేరువేరు శత్రువులు.

గాలిటైరు పుట్టుక

పచ్చిరబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి బిరుసెక్కుతుంది. దానికి గంధకం కలిపి వేడిచేస్తే ఈ దోషం పోతుందని 1839లో అమెరికా దేశీయుడు చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. ఈ ప్రక్రియే వల్కనీకరణం. గంధకం రబ్బరులోని పొడవైన అణువులను అక్కడక్కడ ముడివేయటంవల్ల రబ్బరు సాగినా మళ్లీ తన రూపానికి వస్తుంది.

1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు గాలి నింపిన టైరుకు పేటెంటు పొందాడు. అతని చక్రాలను గుర్రపుబండ్లకు తొడిగి లండనులో నడిపి చూశారు. కాని ఆనాడు మోటారుకార్లు లేవు, సైకిళ్లు కూడా వ్యాప్తిలోకి రాలేదు. లోకం ఆ సంగతి మరచిపోయింది. 1888లో బెల్‌ఫాస్టు నగరంలోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల సైకిలుకోసం గాలిటైరును తిరిగి కనిపెట్టాడు. థామ్సన్ పేటెంటు అంతకు ముందే ఉన్నందున డన్‌లప్ పేటెంటు తరువాత చెల్లకుండా పోయినా, గాలిటైరు మాత్రం నిలిచింది. 1895లో ఫ్రాన్సులో పారిస్ నుంచి బోర్డోకు పోయి తిరిగివచ్చే పందెంలో మిషెలిన్ సోదరులు గాలిటైర్లు తొడిగిన మోటారుకారును నడిపారు. దారిలో పలుమార్లు పంక్చర్లు అయినా, మోటారుకారుకు గాలిటైరు పనికివస్తుందని రుజువైనది.

ఆనాటి టైర్లు నున్నగా ఉండేవి. పొడిరోడ్డుమీద అది దోషం కాదు. ఎంత రబ్బరు తాకితే అంత మేలు. వాన కురిసి రోడ్డు తడిసి, బురద పట్టినప్పుడు మాత్రం కారు పక్కకు జారిపోయేది. అందువల్ల 1905లో మిషెలిన్ కంపెనీ టైరుకు తోలుపట్టా తొడిగి దానికి ఉక్కు మేకులు దిగవేసింది. జర్మనీలోని కాంటినెంటల్ కంపెనీ అంతకు ఒక సంవత్సరం ముందే, 1904లో, కారు టైరు రబ్బరులోనే గాడులు వేసి అమ్మింది. 1908లో అమెరికాలోని ఫైర్‌స్టోన్ కంపెనీ టైరు ముఖంమీద ‘జారదు’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు అక్షరాలనే ఉబ్బెత్తుగా పోతపోసింది. అక్షరాల అంచులు నేలను పట్టుకొనేవి. ప్రకటన కూడా అదే. నేలకు ఆనే ఈ గాడుల భాగానికి ట్రెడ్ అనే పేరు స్థిరపడింది.

టైరుకు నల్లరంగు వచ్చినది కూడా ఈ కాలంలోనే. 1904లో లండనులోని సిల్వర్‌టౌన్ కర్మాగారంలో రబ్బరుకు మెత్తని మసి కలిపితే దాని గట్టిదనం ఎంతో పెరుగుతుందని గమనించారు. అంతకు ముందు టైర్లు తెల్లగా ఉండేవి. మసి వచ్చిన తరువాత ట్రెడ్ త్వరగా అరగకుండా నిలిచింది కాబట్టి లోతైన గాడులు వేయటానికి అర్థం ఏర్పడింది.

గొలుసునుంచి హిమపు టైరువరకు

హిమంలో ఈ గాడులు చాలలేదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రానికి చెందిన హారీ వీడ్, బురదలో దిగబడిన కార్ల చక్రాలకు డ్రైవర్లు తాళ్లు చుట్టటం చూశాడని చెబుతారు. 1904లో అతడు టైరుమీద అమర్చుకొనే ఇనుప గొలుసులకు పేటెంటు పొందాడు. హిమంలో గొలుసు మంచిపట్టు ఇస్తుంది. అయితే హిమం లేని చోట అది రోడ్డునూ టైరునూ కూడా పాడుచేస్తుంది. కారు మెల్లగానే పోవాలి. మాటిమాటికీ దిగి తగిలించాలి, విప్పాలి. హిమాలయ ప్రాంతపు కొండదారులలో శీతకాలంలో నేటికీ గొలుసులు వాడుతున్నారు. అక్కడి పనికి అవి తగినవి. దినమంతా తిరిగే బండికి తగినవి కావు.

ఈ ఇబ్బందికి విరుగుడు ఫిన్లెండు దేశంలో పుట్టింది. ఆ దేశంలో శీతకాలం నెలల తరబడి ఉంటుంది. హిమం తొలగించని రోడ్లమీద సరుకుల లారీలు నడవాలి. 1934లో అక్కడి రబ్బరు కంపెనీ ఒకటి లారీలకు ప్రత్యేకంగా శీతకాలపు టైరును తయారుచేసింది. దానికి అడ్డంగా లోతైన గాడులున్నాయి. 1936లో అదే కంపెనీ కార్లకు హక్కపెలిట్ట అనే టైరును అమ్మకానికి పెట్టింది. ఆ పేరు ఇప్పటికీ వాడుకలో ఉన్నది. కంపెనీని మనం నోకియన్ అనే పేరుతో ఎరుగుదుము.

లోతైన గాడి హిమంలో ఏమిచేస్తుంది? తడి ఇసుకను గుప్పిట పట్టి నొక్కితే ముద్ద అవుతుంది. హిమంకూడా నొక్కితే ఇట్లాగే గట్టిపడుతుంది. టైరు దొర్లుతున్నప్పుడు గాడులలోకి హిమం దూరి, బరువుకు అణగి, పళ్లవలె గట్టిపడుతుంది. కారు ముందుకు పోవాలన్నా ఆగాలన్నా ఈ హిమపు పళ్లు కోసుకొని తెగిపోవాలి. అవి తెగకుండా ఎదిరించే బలమే టైరుకు పట్టు. హిమం రబ్బరుకు అంతగా అంటదు, హిమానికే బాగా అంటుతుంది. అందువల్లనే గాడులలో కొంత హిమం నిలిచి ఉన్న టైరు హిమంమీద బాగా నడుస్తుంది. తడిరోడ్డుమీద గాడి చేయవలసిన పని ఇందుకు వ్యతిరేకం: అక్కడ గాడిలో చేరిన నీరు ఒక్క క్షణం కూడా నిలవకూడదు, వెంటనే బయటికి పోవాలి. ఒకే గాడి రెండు పనులూ చక్కగా చేయలేదని ఇప్పుడు అర్థమవుతుంది.

నీటిపొరమీద తేలే కారు

నీటి సమస్యను అంకెలతో చూద్దాం. మన టైరు నేలను తాకే చోటు 15 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు అనుకొందాం. రోడ్డుమీద 3 మిల్లీమీటర్ల మందాన నీరున్నది. సెకనుకు 20 మీటర్ల వేగంతో పోయే టైరు ఒక్కొక్క సెకనుకు తన దారిలోనుంచి 9 లీటర్ల నీటిని తొలగించాలి. ఇంచుమించు ఒక చిన్న బిందెడు. అందులోనూ టైరు ముఖంలోని ఏ చుక్కైనా నేలమీద ఉండేది సెకనులో 200వ వంతు మాత్రమే. ఆ లోపల నీరు దారి చూసుకొని పోవాలి. పోలేకపోతే రబ్బరు నేలను తాకదు.

విమానాల విషయంలో ఈ ప్రమాదం ముందుగా బయటపడింది. తడిసిన రన్‌వేమీద దిగిన విమానాలు బ్రేకు వేసినా ఆగక జారిపోయేవి. అమెరికాలోని నాసా సంస్థకు చెందిన లాంగ్లీ పరిశోధన కేంద్రంలో వాల్టర్ హార్న్, అతని సహచరులు ఈ విషయాన్ని పరిశోధించి 1963లో ఒక సులభమైన సూత్రాన్ని ప్రకటించారు. టైరుకు ఎదురైన నీటి తాకిడి పీడనం వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. ఆ తాకిడి టైరును పైకెత్తగలిగినంత అయినప్పుడు టైరు నేలను విడిచి నీటిపొరమీద తేలుతుంది. టైరు నేలమీద మోపే ఒత్తిడి దాదాపు లోపలి గాలి పీడనానికి సమానం. కాబట్టి తేలటం మొదలయ్యే వేగం గాలి పీడనపు వర్గమూలాన్నిబట్టి ఉంటుంది.

మనం గాలి కొట్టించుకొనే చోట ‘ముప్పై పెట్టు’ అంటాం. అనగా చదరపు అంగుళానికి 30 పౌండ్లు. ఆ పీడనంతో ఉన్న టైరు గంటకు సుమారు 91 కిలోమీటర్ల వేగంలో తేలుతుంది. గాలి 20 పౌండ్లకు తగ్గితే 75 కిలోమీటర్లకే తేలుతుంది. 144 పౌండ్ల గాలి ఉన్న విమానపు టైరు గంటకు 200 కిలోమీటర్లకు గాని తేలదు. విమానం నేలకు దిగే వేగం దానికి దగ్గరలోనే ఉండటం ఇక్కడి చిక్కు. ఈ సూత్రం గాడులు అరిగిపోయిన టైరుకూ, గాడుల లోతును మించి నీరు నిలిచిన రోడ్డుకూ వర్తిస్తుంది. మంచి గాడులున్నంతవరకు నీరు వాటిలోనుంచి పోతుంది కాబట్టి టైరు అంత త్వరగా తేలదు.

తేలిన టైరు సంగతి భయంకరమైనది. బ్రేకు తొక్కితే చక్రం ఆగుతుంది, కారు ఆగదు. స్టీరింగు తిప్పితే చక్రం తిరుగుతుంది, కారు తిరగదు. అప్పుడు చేయదగినది ఒకటే: స్టీరింగును నిలకడగా పట్టుకొని, ఆక్సిలరేటరుమీదనుంచి కాలు తీసి, వేగం దానంతట అదే తగ్గనివ్వటం.

ఈ పరిశోధన ఫలితంగా టైరులోనే కాక నేలలో కూడా గాడులు వేయటం వచ్చింది. 1967లో వాషింగ్టన్ నగరపు విమానాశ్రయంలో రన్‌వేకు అడ్డంగా సన్నని గాడులు కోశారు. కార్ల టైర్లలో కూడా నీటిని తీసుకుపోయే వెడల్పైన గాడులు ప్రధానమైనవి. 1991లో గుడ్‌ఇయర్ కంపెనీ చూపిన ఆక్వాట్రెడ్ అనే టైరుకు నడిమధ్య ఒక లోతైన కాలువ ఉండేది.

పెద్దగాడులు ప్రధాన కాలువలైతే వాటికి పిల్లకాలువలు కూడా కావాలి. ట్రెడ్ దిమ్మలమీద కత్తితో గీసినట్లుండే సన్న చీలికలు ఈ పనిచేస్తాయి. వీటికి మూలం ఒక చెప్పు అంటే ఆశ్చర్యంగా ఉంటుంది. జాన్ సైప్ అనే అమెరికా దేశీయుడు తడినేలమీద జారకుండా తన బూట్ల అడుగున సన్నని కోతలు కోశాడనీ, అతడు కబేళాలో పనిచేసేవాడనీ చెబుతారు. 1923లో అతని పేరిట పేటెంటు వెలువడింది. టైర్లలో ఈ చీలికలు విరివిగా రావటానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. నేటి శీతకాలపు టైరును చూస్తే దిమ్మ దిమ్మకూ ఇట్లాంటి చీలికలు కనిపిస్తాయి. వాటి అంచులు హిమాన్ని గీరుతాయి. వాటి సందులు మంచుగడ్డమీది పలుచని నీటిపొరను పీల్చుకొంటాయి.

రబ్బరు గుణం

గాడులెంత చక్కనివైనా, చివరికి నేలను పట్టేది రబ్బరే. పాఠశాలలో మనం చదువుకొనే ఘర్షణ నియమాలు, అనగా ఫ్రాన్సులో అమాంటన్ 1699లో చెప్పినవి, కూలుంబ్ 1785లో స్థిరపరచినవి, కొయ్యకూ లోహానికీ చక్కగా సరిపోతాయి. రబ్బరు వాటికి పూర్తిగా లొంగదు. దాని ఘర్షణ వేగంతోనూ ఉష్ణోగ్రతతోనూ మారుతుంది.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ టేబర్, బ్రిటిషు రోడ్డు పరిశోధనశాలకు చెందిన గైల్స్, సేబీ అనేవారు 1958లో ఒక ముఖ్య విషయాన్ని వెల్లడించారు. రబ్బరు పొడినేలకు అంటుకోవటంవల్ల కొంత పట్టు వస్తుంది. నీటిపొర అడ్డుపడితే ఈ అంటుకోవటం తగ్గుతుంది. అప్పుడు మిగిలే పట్టు వేరొక దారిన వస్తుంది: రోడ్డులోని కంకరరాళ్ల మొనలు రబ్బరును నొక్కి వదలుతూ ఉంటాయి, నొక్కినప్పుడు రబ్బరు తీసుకొన్న శక్తి వదలినప్పుడు పూర్తిగా తిరిగిరాదు, కొంత వేడిగా మారుతుంది. ఈ నష్టాన్ని శాస్త్రజ్ఞులు హిస్టెరిసిస్ అంటారు. ఆ నష్టమే కారును ఆపే బలం.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చు. ఒకేరకం రబ్బరు బంతులు రెండు తీసుకొని ఒకదాన్ని ఫ్రిజ్‌లోని మంచుపెట్టెలో కొన్ని గంటలు ఉంచండి. తరువాత రెండింటినీ ఒకే ఎత్తునుంచి జారవిడవండి. చల్లని బంతి తక్కువ ఎత్తుకు ఎగురుతుంది. దానిలో శక్తినష్టం ఎక్కువ. తడిరోడ్డుకు ఎక్కువ ఎగరని రబ్బరు మంచిది. కాని అట్లాంటి రబ్బరు ప్రతి భ్రమణంలోనూ శక్తిని పోగొట్టుకొంటుంది కనుక పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

ఇంకొక చిక్కుకూడా ఉన్నది. ఏ రబ్బరైనా చాలినంత చల్లబరిస్తే గాజువలె పెళుసెక్కుతుంది. తడిలో పట్టుకోసం నష్టం ఎక్కువగా ఉండేటట్లు చేసిన రబ్బరు ఈ స్థితికి ముందుగానే చేరువ అవుతుంది. వేసవి టైరు గడ్డకట్టే చలిలో బిరుసెక్కటానికి కారణం ఇదే. శీతకాలపు టైరు రబ్బరును చలిలో కూడా మెత్తగా ఉండేటట్లు తయారుచేస్తారు. అదే టైరును ఎండలో నడిపితే మరీ మెత్తబడి త్వరగా అరుగుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. పగటి ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగినప్పుడు శీతకాలపు టైర్లు తొడగాలని ఐరోపాలో చెప్పే వాడుకమాటకు ఆధారం ఇదే. అది ప్రకృతి నియమం కాదు, ఉజ్జాయింపు గుర్తు.

పెట్రోలు పొదుపుకూ తడిపట్టుకూ ఉన్న ఈ వైరాన్ని కొంతవరకు తీర్చినది సిలికా. 1992లో మిషెలిన్ కంపెనీ మసికి బదులు చాలాభాగం సిలికాను, దానిని రబ్బరుతో కలిపే సిలేన్ అనే రసాయనాన్ని వాడి టైర్లు తయారుచేసింది. టైరు దొర్లినప్పుడు రబ్బరు సెకనుకు పది ఇరవైసార్లు మాత్రమే నలుగుతుంది; జారినప్పుడు కంకరమొనలు దాన్ని వేలసార్లు నొక్కుతాయి. సిలికా కలిపిన రబ్బరుకు మెల్లని నలుగుడులో నష్టం తక్కువ, వడిగల నలుగుడులో నష్టం ఎక్కువ. రెండు కోరికలు రెండు వేరు వేగాలకు చెందినవని గ్రహించటంలోనే ఈ విజయమున్నది.

మేకుల కథ

మంచుగడ్డ అన్నిటికంటె మొండిది. గట్టి చలిలో కంటె గడ్డకట్టే ఉష్ణోగ్రతకు దగ్గరలోనే అది ఎక్కువ జారుతుంది. అప్పుడు దానిమీద పలుచని నీటిపొర ఏర్పడటం సులభం. ఈ మొండిశత్రువుకు విరుగుడుగా 1960 ప్రాంతంలో ఉత్తర ఐరోపాలో టంగ్‌స్టన్ కార్బైడు మొనగల చిన్నమేకులను టైరులో దిగవేశారు. ఆ మేకులు మంచుగడ్డను గుచ్చుకొని పట్టు ఇచ్చాయి. కొద్దికాలంలోనే ఇవి అమెరికాకూ జపానుకూ వ్యాపించాయి.

కాని మంచుగడ్డ కరగిపోయిన రోజున ఆ మేకులు రోడ్డునే గుచ్చాయి. అమెరికాలోని మినెసోటా రాష్ట్రం రోడ్లు పాడవుతున్నాయని 1971లో మేకుల టైర్లను నిషేధించింది. పశ్చిమ జర్మనీ 1975లో నిషేధించింది. జపానులో జరిగినది ఇంకా ఆలోచింపదగినది. ఉత్తర జపానులోని సెండై, సప్పోరో వంటి నగరాలలో 1980 తరువాతి సంవత్సరాలలో, హిమం కరిగి రోడ్లు ఆరిన దినాలలో మేకులు గీరిన తారురోడ్ల ధూళి మేఘంవలె లేచేది. ఆ ధూళి ప్రజల ఊపిరితిత్తులకు హాని అని ఆందోళన బయలుదేరింది. కారులో కూర్చున్నవాని భద్రతకోసం కాలిబాటన నడిచేవాడు ధూళి పీల్చవలసి వచ్చింది. టైరు కంపెనీలు 1990 చివరికి మేకుల టైర్ల తయారీ ఆపటానికి ఒప్పుకొన్నాయి. 1990లో జపాను ప్రభుత్వం వాటి వాడకాన్ని అరికట్టే చట్టం చేసింది.

మేకులు లేకుండా మంచుగడ్డమీద పట్టు ఎట్లా? 1988లో బ్రిడ్జ్‌స్టోన్ కంపెనీ జపానులో బ్లిజాక్ అనే టైరును ప్రవేశపెట్టింది. దాని ట్రెడ్ రబ్బరులో కంటికి ఆనని గాలిబుడగలున్నాయి. రబ్బరు అరిగేకొద్దీ బుడగలు తెరుచుకొని స్పంజివలె నీటిపొరను పీల్చుకొంటాయి. వాటి అంచులు మంచుగడ్డను పట్టుకొంటాయి. ధూళి తగ్గింది, నగరాల గాలి బాగుపడింది. అయితే కొత్త చిక్కు ఒకటి వచ్చింది. మేకులున్నంతకాలం అవి రోడ్డుమీది మంచుగడ్డను గరుకుచేసేవి. అవి పోయిన తరువాత కూడళ్లలో ఆగి బయలుదేరే చక్రాలు మంచుగడ్డను రాచి రాచి అద్దంవలె నున్నచేశాయి. సప్పోరోలో నడిచేవారుకూడా జారిపడసాగారు. కూడళ్లలో ఉప్పు, ఇసుక చల్లటం ఎక్కువచేయవలసి వచ్చింది. ఫిన్లెండు, స్వీడను, నార్వే దేశాలలో మేకుల టైర్లు శీతకాలంలో ఇప్పటికీ అనుమతించబడుతున్నాయి. ఏ దేశం ఏ నష్టాన్ని భరించగలదో అక్కడి రోడ్లూ చలీ నిర్ణయిస్తున్నాయి.

గుర్తులు ఏమి చెబుతాయి?

ఏటా రెండుసార్లు టైర్లు మార్చే శ్రమ తప్పించటానికి 1977లో గుడ్‌ఇయర్ కంపెనీ అన్ని ఋతువులకూ ఒకే టైరు అనే పేరుతో టియెంపోను విడుదలచేసింది. స్వల్పంగా హిమం పడే చోట్ల ఇట్లాంటి టైరు సరిపోతుంది. అది మధ్యేమార్గం, ఏ ఒక్క పనిలోనూ ప్రథమస్థానం దానిది కాదు.

టైరు పక్కభాగంలో ‘ఎం’, ‘ఎస్’ అనే ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే బురదకూ హిమానికీ తగినదని అర్థం. ఈ గుర్తు ప్రధానంగా గాడుల ఆకారాన్ని చూసి ఇచ్చినది; హిమంమీద నడిపి చూసి ఇచ్చినది కాదు. అందువల్ల 1999లో ఉత్తర అమెరికాలో మరొక గుర్తు వచ్చింది: మూడు శిఖరాల కొండ, దానిలో ఒక హిమపుపువ్వు. అణగిన హిమంమీద పరీక్షించి, ప్రమాణంగా పెట్టుకొన్న టైరుకంటె నిర్ణీత స్థాయిలో మేలైనదని తేలితేనే ఇది వేయాలి. జర్మనీలో 2024 అక్టోబరు 1 నుంచి శీతకాలపు టైరుగా చెల్లేది ఈ కొండగుర్తు ఉన్నది మాత్రమే. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 2008లో శీతకాలపు టైర్లను తప్పనిసరి చేసింది. ఇప్పుడు అక్కడ డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు అవి ఉండాలి. అయితే ఈ గుర్తు హిమానికి సంబంధించినది. మంచుగడ్డమీద కూడా అంత పట్టు ఉంటుందని అది హామీ ఇవ్వదు.

మన రోడ్లకు ఈ పాఠం

తెలుగుదేశంలో హిమం పడదు. కాని చదువులకూ ఉద్యోగాలకూ షికాగో, టొరాంటో వంటి చోట్లకు పోయి అక్కడ మొదటిసారి హిమంలో కారు నడిపే తెలుగువారు ఎందరో ఉన్నారు. అట్లాంటివారు తెలుసుకోవలసినవి రెండు. నాలుగు చక్రాలు కూడా కారును నడిపించవచ్చు. అది బయలుదేరటానికి మేలు చేస్తుంది గాని ఆగటానికి కాదు. ఆపేది టైరు మాత్రమే. రెండవది, శీతకాలపు టైర్లు నాలుగు చక్రాలకూ తొడగాలి. ముందు చక్రాలకు మాత్రమే తొడిగితే ముందు పట్టు ఉండి, వెనుక పట్టు లేక, మలుపులో కారు వెనుకభాగం పక్కకు తిరిగిపోతుంది.

మన పల్లెల్లోనూ పట్టణాల్లోనూ శత్రువు నీరు. జూన్‌లో తొలి వానజల్లు పడినప్పుడు వేసవి అంతా రోడ్డుమీద పేరుకొన్న నూనె, ధూళి తడిసి జిడ్డుపొర అవుతుంది. నాలుగు వానలు కడిగినదాకా ఆ పొర పోదు. తరువాత గుంటలలోనూ రోడ్డు అంచులలోనూ నీరు నిలుస్తుంది. అప్పుడు కావలసినది హిమపు టైరు కాదు, సిలికా పేరు చెప్పి అమ్మే ఖరీదైన టైరే కావాలనీ లేదు. గాడుల లోతు, తగిన గాలి ఉంటే చాలు.

కొత్త కారు టైరులో గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. కార్లకు 1.6 మిల్లీమీటర్ల కంటె తగ్గకూడదని మన దేశపు మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ప్రతి టైరు గాడుల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు ఉంటాయి. ట్రెడ్ అరిగి వాటితో సమానమైతే 1.6కు చేరిందన్నమాట. ఆస్ట్రియాలో 4 మిల్లీమీటర్ల కంటె అరిగినదాన్ని శీతకాలపు టైరుగానే లెక్కపెట్టరు. వానకు కూడా 1.6 చివరి హద్దే గాని భద్రమైన హద్దు కాదు. గాడి సగం అరిగిన నాటినుంచే అది మోయగల నీరు సగమైపోతున్నది. విద్యార్థులు ఒక స్కేలు తీసుకొని ఇంటి వాహనపు టైరు గాడిలో నిలబెట్టి చూడవచ్చు. ఒక్క నిమిషం పని.

ఇక గాలి. టైరు నెలల తరబడి చూడకుండా వదిలేస్తే గాలి మెల్లగా తగ్గుతుంది. అది తగ్గితే కారు తేలే వేగంకూడా తగ్గుతుందని హార్న్ సూత్రం చెప్పింది. ఇందుకు విరుగుడు పెట్రోలు బంకులో అయిదు నిమిషాలలో దొరుకుతుంది.

వల్కనీకరణంనుంచి సిలికావరకు, గొలుసునుంచి బుడగల రబ్బరువరకు ఈ చరిత్రలో వచ్చిన ప్రతి సాధనం ఒక చిక్కు విప్పి మరొక చిక్కును తెచ్చింది. సర్వకాలాలకూ సర్వస్థలాలకూ తగిన టైరు ఇప్పటికీ లేదు. టైరును ఎంచుకొనేవారు దాని ధరనూ పేరునూ అడగటానికి ముందు, నా రబ్బరుకూ నా రోడ్డుకూ మధ్య ఏమి ఉండబోతున్నది అని అడగవలె. నీరైతే దానికి పోవటానికి దారి కావాలి. హిమమైతే దాన్ని పట్టి ఉంచే గాడి కావాలి. చలి అయితే మెత్తని రబ్బరు కావాలి. వీటిలో ఏది ఉన్నా వేగం తగ్గించినవానికే అవి పూర్తిగా ఉపయోగపడతాయి. ఆగే దూరం వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. వేగం సగమైతే ఆ దూరం నాలుగోవంతు అవుతుంది. ఏ కర్మాగారమూ ఇంతవరకు ఇంత మేలుచేసే రబ్బరును తయారుచేయలేదు.